పద్నాలుగు టేకులు

మార్చి 4, ఉదయం 5.20

మళ్ళీ డైరీ. మూడేళ్ళ తర్వాత. అక్క పనిచేసే హాస్పిటల్‌కి మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చిన పుస్తకం ఇది. ప్రతి పేజీ అడుగున మోకాళ్ళ నొప్పుల మాత్ర బొమ్మ. నా పనికి సరిగ్గా సరిపోయింది.

ఈ రోజు నుంచి కొత్త సినిమా. హిందీ సినిమా. ఫైట్లు, కామెడీ, ప్రేమ, అన్నీ కలిపి కొట్టారు. లిఫ్టులు రిపేరు చేసుకునే ఒకణ్ణి కిరాయి హంతకుడనుకుని అందరూ వెంటపడతారు. వాడు పారిపోయి దక్షిణాదిలో ఒక పెద్దింట్లో దూరతాడు. ఆ ఇంటి కూతురు లారీల వ్యాపారం చూసుకుంటుంది. అడ్డొచ్చినవాళ్ళని చితక్కొడుతుంది. వాడు ఆమెని ప్రేమిస్తాడు. వాడి మాట ఆమెకి అర్థం కాదు, ఆమె మాట వాడికి అర్థం కాదు. నవ్వు అక్కడే ఉందట.

ఆమె ముఖం హీరోయిన్‌ది. కొట్టే చెయ్యి, దూకే కాలు, నేలకి తగిలే వీపు నావి. పన్నెండేళ్ళుగా ఇదే. డూప్.

నిద్ర పట్టలేదు. నాలుగింటికే లేచి ఇల్లు ఊడ్చాను. అక్క డ్యూటీ నుంచి వచ్చి, అద్దంలా ఉన్న గచ్చు చూసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

మార్చి 4, సాయంత్రం

వైర్ దగ్గర ఎవరుంటారని ఫైట్ మాస్టర్‌ని ముందే అడగాల్సింది. అడగలేదు.

ముడి ఉన్నాడు.

మార్చి 5

రాసేస్తే కుదురుగా ఉంటుందేమో. రాస్తాను.

ముడి అసలు పేరు సెట్లో ఎవరికీ పట్టదు. మమ్మల్ని వైర్ మీద పైకి లేపేది, ఆపేది, దింపేది అతనే. వేసిన ప్రతి ముడినీ మూడుసార్లు లాగి చూస్తాడు. తర్వాత మన మొహం చూస్తాడు. ఆ తర్వాతే తాడు పడతాడు. రెండేళ్ళు ఇద్దరం కలిసి తిరిగాం. పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. అతనెలాగూ ముళ్ళు వేసేవాడే కదే, ఆ మూడూ కూడా వేయించుకో, ఓ పనైపోతుంది అని అక్క ఒకటే నవ్వు. ఈ సినిమా అయిపోనీ అన్నాను నేను.

ఆ సినిమాలోనే అంతా అయింది. వంతెన మీంచి దూకే షాట్. నాకు జ్వరం. ఎవరికీ చెప్పలేదు. కెమెరాలు తిరుగుతున్నాయి. అతను తాడు కట్టేసి చెయ్యెత్తాడు. ఆమె బాగాలేదు, నేను లాగను అన్నాడు. రెండొందల మంది ముందు. ఆ షాట్ ఇంకెవరో చేశారు. భయపడిందట అనే మాట మాత్రం నాకంటే ముందు ప్రతి ఆఫీసుకీ వెళ్ళి కూర్చుంది. ఎనిమిది నెలలు నన్ను పిలిచినవాళ్ళు లేరు. అతని ఫోన్ ఎత్తలేదు. తలుపు కొడితే తీయలేదు.

తప్పు నాదా అతనిదా? మూడేళ్ళుగా రెండువైపులా నేనే వాదించుకుంటున్నాను.

రాశాను. కుదురుగా ఏం లేదు.

మార్చి 9

పెద్దింటి సెట్ చూసి తీరాలి. ప్లాస్టిక్ అరటిచెట్లు వంటగదిలో కూడా ఉన్నాయి. మగవాళ్ళందరికీ తెల్ల పంచెలు, నిద్రపోయే సీన్లో కూడా మడత నలక్కుండా. ఆడవాళ్ళ తలల్లో నాలుగేసి మూరల పూలు. నా విగ్గుకీ పెట్టారు. పల్టీ కొట్టినప్పుడల్లా నోట్లోకొస్తున్నాయి. ఫైట్ అయ్యేసరికి సగం దండ తినేశాను.

హీరోయిన్ తండ్రి వేషం వేస్తున్న పెద్దాయన డైలాగ్ పేపర్ చూశాను. అండబండ గుండతుండ అని రాసుంది. ఇదేం భాష అని అసిస్టెంట్ డైరెక్టర్ని అడిగాను. సౌత్ అన్నాడు. సౌత్‌లో ఎక్కడ అన్నాను. మొత్తం అన్నాడు.

లంచ్ దాకా నవ్వుతూనే ఉన్నాను. బాక్స్ మూత తీయబోతే రాలేదు. మూత గట్టిగా ఉందనుకున్నాను. కాదు. నా వేళ్ళు పట్టుకోవట్లేదు.

మార్చి 10, ఉదయం 6.00

కుడిచెయ్యి. చిటికెనవేలు, దాని పక్కవేలు. మొద్దుబారిపోయి, ఎవరివో వేళ్ళు తెచ్చి నాకు అతికించినట్టుంటుంది. అయిదు నిమిషాలు. ఒక్కోసారి పది. తర్వాత ఏమీ జరగనట్టే.

మొదటిసారి కాదు. ఫిబ్రవరిలో రెండుసార్లు వచ్చింది. అప్పుడు చలి అని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు చలి ఎక్కడుంది?

మార్చి 10, సాయంత్రం

క్లైమాక్స్ చెప్పారు. కట్టి వదిలేసిన బిల్డింగ్, మూడో అంతస్తు. క్రేన్ గొలుసు ఊగుతూ వస్తుంది. పరిగెత్తి, దూకి, కుడిచేత్తో దాన్ని అందుకోవాలి. గొలుసు పట్టు దొరికాకే వైర్ బరువు తీసుకుంటుంది. కింద ఇద్దరు ఫైటర్లు నిలబడి ఉంటారు, వాళ్ళ తలల మీదుగా పోవాలి.

మాస్టర్ నావైపు చూసి, నీకు మంచినీళ్ళు తాగినంత అన్నాడు. అవును మాస్టర్ అన్నాను.

మార్చి 16

అక్క పట్టేసింది. టీ గ్లాసు జారింది. నర్స్ దగ్గర దాచడం ఎంతకాలం? కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంది. సూదితో ఒక్కో వేలూ గుచ్చుతూ, తెలుస్తోందా, తెలుస్తోందా అని అడిగింది. అన్నిటికీ తెలుస్తోంది అన్నాను. చివరి మూడుసార్లు తను గుచ్చనేలేదట.

మెడలో నరం నలుగుతోంది, రేపే స్కాన్ తీయించు అంది. సినిమా అవనీ అన్నాను.

ఈ మాట నీ నోట్లోంచి ఇంతకుముందు ఒకసారి విన్నానే, అంది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడులో తిట్లన్నీ వినిపించాయి.

మార్చి 22, లంచ్ బ్రేక్

హీరోయిన్ కారవాన్‌లోకి పిలిచింది. ఏదో దెబ్బల గురించి అనుకున్నాను. కాదు. డైలాగ్ పేపర్ చేతికిచ్చింది. క్లైమాక్స్‌లో గొలుసు షాట్‌కి ముందు ఒక సీన్ ఉంది. ఆమె బిల్డింగ్ అంచున వేలాడుతుంటుంది. హీరో ఆమె చెయ్యి పట్టుకుని ఉంటాడు. అప్పుడు ఆమె తన మనసులో మాట తన భాషలో చెబుతుంది. వాడికి అర్థం కాక, నాకూ ఆకలేస్తోంది అంటాడు. హాల్లో అందరూ నవ్వాలి.

ఆమె మనసులో మాటగా పేపర్లో ఉన్నది: జింగిరి బింగిరి అయ్యయ్యో.

ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ ఇది మాట కాదని తెలుస్తోంది అంది. మొదటి సినిమాలో తన యాసని అందరూ వెక్కిరించారట, రెండేళ్ళు నోరు విప్పడానికే సిగ్గేసిందట. ఇప్పుడు ఇంకొకరి భాషకి తను ఆ పని చేయలేనంది. నీ భాషే కదా, నిజం మాటలు రాసివ్వు, నేర్చుకుంటాను అంది.

డైరెక్టర్ని అడిగాం. ఎవడికి అర్థమవుతుంది, ఏదైనా పెట్టుకోండి అన్నాడు.

వేలాడుతున్న మనిషి ఏం చెబుతుంది? నాకు తెలియాలి. పన్నెండేళ్ళుగా వేలాడుతున్నాను.

మార్చి 23

నువ్వంటే నాకిష్టం అని రాశాను. కొట్టేశాను.

మార్చి 24

బట్టలన్నీ ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను. ఒక్క వాక్యం రాలేదు.

మార్చి 28

గొలుసు రిహార్సల్. నేల మీద, ఆరడుగుల ఎత్తు, కింద పరుపులు. మొదటిసారి అందింది. రెండోసారి అందింది. మూడోసారి అందుకున్నాను, వేళ్ళు మూసుకోలేదు. పరుపు మీద వెల్లకిలా పడ్డాను. కాలు జారిందని నవ్వాను. అందరూ నవ్వారు.

ముడి నవ్వలేదు. వచ్చి, నా నడుముకి బిగించిన హార్నెస్ విప్పుతున్నట్టు వంగి, ఏ వేళ్ళు అని అడిగాడు. మూడేళ్ళ తర్వాత మొదటి మాట.

ఏ వేళ్ళూ కావు, నీ పని నువ్వు చూసుకో అన్నాను. చెప్పను అన్నాడు. ఎవరికీ చెప్పను, వంతెన దగ్గర చెప్పి ఒకసారి చూశాను కదా. కానీ గొలుసు షాట్ రోజు తాడు మాత్రం నేను పట్టుకోను, ఇంకొకర్ని చూసుకోమంటాను అన్నాడు.

ఇది ఇంకా ఘోరం. అప్పుడు నలుగురిలో అన్నాడు, పోట్లాడగలిగాను. ఇప్పుడు నెమ్మదిగా అన్నాడు. దీనికేం చేయాలి?

మార్చి 29

మాస్టర్ కేకలేస్తున్నాడు, క్లైమాక్స్ రోజు ముడి సెలవు అడిగాడట. కారణం అడిగితే ఇంట్లో పని అన్నాడట. అతనికి ఇల్లెక్కడుంది? షూటింగుల్లో లాడ్జి గదులు తప్ప.

నాకోసం అబద్ధం ఆడుతున్నాడు. చేతకాకుండా ఆడుతున్నాడు.

ఏప్రిల్ 2, ఉదయం 5.45

వచ్చింది. పళ్ళు తోముకుంటుంటే వచ్చింది. బ్రష్ ఎడమచేతిలోకి మార్చుకుని, తడిచేత్తోనే రాశాను.

“నువ్వు పట్టుకున్నావు, సరే. నాకు భయంగా ఉంది. ఈ ఒక్క మాట నీకు చెప్పడానికి ఇంత ఎత్తు ఎక్కాల్సి వచ్చింది.”

అంతే. ఇంకేం కలపను.

ఏప్రిల్ 3

కారవాన్‌లో హీరోయిన్‌కి నేర్పిస్తున్నాను. అర్థం చెబితే పేపర్ తీసుకుని మడిచింది. తర్వాత, ఇది నువ్వు ఎవరికి రాశావు అంది. సినిమాకి అన్నాను. సరే అంది. సరే అన్నట్టు లేదు.

భ రావట్లేదు ఆమెకి. బయంగా అంటోంది. ఫరవాలేదు, మనవాళ్ళూ సగం మంది అంతే.

ఏప్రిల్ 6, సాయంత్రం 7.00

ఈ రోజు జరిగింది పూర్తిగా రాయాలి.

వేలాడే సీన్. ఇరవై అడుగుల ఎత్తులో హీరోయినే స్వయంగా. ముఖం కనిపించాలి కాబట్టి ఇక్కడ డూప్ కుదరదు. వైర్ ముడి చేతుల్లో. కిందనుంచి డైలాగ్ అందించే ప్రాంప్టింగ్ నాది. ప్రాంప్టింగ్ మైక్‌ని తెచ్చి వైర్ పక్కనే పెట్టారు. ఇంత పెద్ద సెట్లో అతని మోచేతి పక్కనే నాకు చోటు దొరికింది.

మాస్టర్‌తో సహా అందరిదీ హిందీ, సెట్లో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే.

టేక్ ఒకటి. నేను మైక్‌లో చదివాను, పైనుంచి ఆమె అంది. నాకు భయంగా ఉంది అన్నచోట ముడి తల తిప్పి నావైపు చూశాడు. నేను పేపర్లోకి చూశాను. హీరో తన డైలాగ్ మర్చిపోయాడు. కట్.

టేక్ రెండు, లైటు పోయింది. మూడు, హీరోకి తుమ్ము. నాలుగు, అయిదు, ఆమె “నాకు” అన్న మాట మింగేసి ఉత్త “భయంగా ఉంది” అంది. ప్రతిసారీ నేను మళ్ళీ చదవాలి. ప్రతిసారీ అతను మళ్ళీ వినాలి. తాడు చేతిలో ఉంది, వదిలి వెళ్ళడానికి లేదు. నేనూ మైక్ వదిలి వెళ్ళడానికి లేదు.

టేక్ ఏడు. ఆమె కళ్ళనిండా నీళ్ళతో, ఎంతో బాగా, ఈ ఒక్క మాట నీకు చెప్పడానికి ఇంత ఎద్దు ఎక్కాల్సి వచ్చింది అంది.

ఎద్దు.

ముందు నా పక్కన తాడు వణికింది. ఏంటా అని చూస్తే ముడి. నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా, పెదవి కొరుక్కుని, భుజాలు ఎగిరిపడుతూ. తాడుతోపాటు పైన హీరోయిన్ కూడా ఎగిరిపడుతోంది. నాకూ ఆగలేదు. మైక్ ఆన్‌లోనే ఉంది. సెట్ మొత్తం నా నవ్వు. ఏమైందని డైరెక్టర్ అరిచాడు. ఎలా చెప్పాలి? ఆమె దింపించుకుని, వచ్చి, అర్థం అడిగి, తనూ నేలమీద కూర్చుని నవ్వింది.

తర్వాత టేకుల్లో ఎత్తు దగ్గరికొచ్చేసరికి ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. పద్నాలుగో టేక్‌లో ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నాకూ ఆకలేస్తోంది అన్నాడు హీరో. ఓకే అన్నాడు డైరెక్టర్. అందరూ టీకి పరిగెత్తారు.

ముడి తాడు చుడుతున్నాడు. చుట్టడం ఆపకుండానే అన్నాడు. వంతెన రోజు భయపడింది నేను. నీ ఒళ్ళు కాలిపోతోందని హార్నెస్ బిగిస్తుంటే తెలిసింది. తాడు పట్టుకుంటే చేతులు ఆడలేదు. నాకు భయంగా ఉంది అనాల్సింది. ఆమె బాగాలేదు అన్నాను. నా భయం తీసుకెళ్ళి నీ నెత్తిన పెట్టాను. ఎనిమిది నెలలు నువ్వు మోశావు.

చిటికెనవేలు, పక్కవేలు అన్నాను.

అతను తల ఊపాడు.

ఏప్రిల్ 7, ఉదయం

మాస్టర్‌కి చెప్పేశాను.

చెయ్యి గురించి ఆయన ఒక్క ముక్క అనలేదు. ఎప్పట్నుంచి అని మాత్రం అడిగాడు. ఫిబ్రవరి అన్నాను. అప్పుడు మొదలుపెట్టాడు. గంటసేపు. నువ్వు పడితే నీ మెడ విరుగుతుంది, నీ ఇష్టం. కింద నిలబడ్డ ఆ ఇద్దరికీ పెళ్ళాం పిల్లల్లేరా, వాళ్ళ నెత్తిన పడితే ఎవరు జవాబు చెబుతారు, నిన్ను నమ్మే కదా వాళ్ళు పైకి చూడకుండా నిలబడేది అన్నాడు. ఆ ఇద్దరి గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నిజం. ఒక్కసారి కూడా.

నా హార్నెస్ తీసుకుని తన బ్యాగులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి పార్కింగ్‌లో ఏడ్చాను. ఏ కారు వెనకో తెలీదు, వాచ్‌మన్ వచ్చి అమ్మా పక్కకి జరుగు, బండి తీయాలి అన్నాడు.

ఏప్రిల్ 9

గొలుసు షాట్ పిచ్చుక చేసింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, ఎముకలు తప్ప ఏం ఉండదు, పిచ్చుక అంటారు. పల్టీలు నేర్పింది నేనే. ముడి సెలవు రద్దు చేసుకున్నాడు. నేను మూడో అంతస్తులో పిచ్చుక పక్కన నిలబడ్డాను, మాస్టర్ అంతవరకు ఒప్పుకున్నాడు.

విగ్గు సర్దుతుంటే అడిగింది. అక్కా, ఇక్కడికొచ్చాక నీకు భయమేస్తుందా?

పదేళ్ళుగా కొత్త పిల్లలందరికీ ఒకటే చెబుతున్నాను. వేయదు, వేస్తే ఈ పని మానేయండి అని. ఈ రోజు, వేస్తుంది, ప్రతిసారీ అన్నాను. ఆ పిల్ల ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. నాకొక్కదానికే అనుకున్నా అంది.

పరిగెత్తింది. గొలుసు అందింది. ఆ ఇద్దరి తలల మీదుగా, అంత శుభ్రంగా నేనెప్పుడూ చేయలేదు. మొదటి టేక్ ఓకే. అందరూ చప్పట్లు. నేను ఇసుక బస్తాల వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

డూప్ మారిందని డైరెక్టర్‌కి తెలియనే లేదు. సాయంత్రం ఎదురుపడి, అదరగొట్టావు అని నా భుజం తట్టాడు.

ఏప్రిల్ 10

పని లేని మొదటి రోజు. గడియారం చూశాను, తొమ్మిది. చాలాసేపయ్యాక చూశాను, తొమ్మిదీ పది.

ఏప్రిల్ 14

స్కాన్. అక్క చెప్పిందే నిజం. ఆపరేషన్ చేయాలన్నారు. చేతికి పట్టు వస్తుందట. వైర్ మీదికి మళ్ళీ వెళ్ళకూడదట. ఎన్నాళ్ళు అని అడిగాను. డాక్టర్ నన్ను కాకుండా అక్కని చూశాడు.

ఏప్రిల్ 20

ముడి వేరే సినిమాకి వెళ్ళాడు. రెండు నెలల అవుట్‌డోర్. వెళ్ళేముందు ఏమీ అడగలేదు. నేనూ ఏమీ అనలేదు. ఇద్దరం ఎత్తు తక్కువైతే మాట్లాడలేమేమో.

మే 11

ఆపరేషన్ అయింది. మెడ ముందువైపు కోశారు. గొంతు పోయింది, వారం పది రోజులు పలకదట. వేళ్ళు మెలకువతో ఉన్నాయి. గుచ్చింది అక్క. ఈసారి నిజంగానే గుచ్చింది.

మే 13

ఫోన్. అతను. నేను పలకలేనని అక్క చెప్పింది. వింటుందా అని అడిగాడట. ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, అవునంటే ఒకసారి కొట్టు, కాదంటే రెండుసార్లు, అని అతనికీ వినబడేలా అంది.

ఆ మనిషి మాట్లాడాడు! ఇరవై నిమిషాలు. అక్కడి వాన గురించి, తడిసిన తాడు ఎంత బరువో, లాడ్జిలో కుళాయి రాత్రంతా ఎలా కారుతుందో. నేను టక్కు టక్కుమని గోటితో కొడుతున్నాను. చివర్లో ఆగాడు. ఇది అయ్యాక నేను అక్కడికి రావచ్చా అన్నాడు.

ఒకసారి కొట్టాను. వేలు జారి రెండోది కూడా తగిలింది.

అటువైపు ఏమీ వినబడలేదు. గొంతు లేదు, అరవలేను, ఫోన్ మీద గోడ మీద ఎక్కడపడితే అక్కడ కొడుతున్నాను. అక్క ఫోన్ లాక్కుని, ఒకటే, ఒకటే అయ్యా, రెండోది లెక్కలోకి తీసుకోకు, రమ్మంటోంది అని అరిచింది. వార్డులో అందరూ లేచి కూర్చున్నారు.

మే 30

మాస్టర్ వచ్చాడు. పళ్ళు తెచ్చి, తనే తిన్నాడు. తర్వాతి సినిమాలో ఆడపిల్లల ఫైట్లు నువ్వు కంపోజ్ చెయ్యి, నేల మీద నిలబడి అన్నాడు. నేల మీద అన్న మాట గట్టిగా అన్నాడు. ఆలోచిస్తానన్నాను. గొంతు ఇంకా మగవాడి గొంతులా ఉంది.

నా హార్నెస్ పిచ్చుకకి ఇచ్చాడట. మంచిదే అన్నాను. సాయంత్రం దాకా ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగాను.

జూన్ 8

మాస్టర్‌కి సరే అని చెప్పాను.

జూన్ 19, ఉదయం 6.10

వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, మీ మెట్ల రెయిలింగ్ ఊగుతోంది, ఎవరైనా పడతారు, స్క్రూడ్రైవర్ ఉందా అన్నాడు. లేదు. కొనుక్కొస్తానని వెళ్ళాడు. ఇంత పొద్దున్నే ఏ షాపు తీస్తారు?

చెప్పులు ఇక్కడే ఉన్నాయి.